తరంగాలకు యజమాని ఎవరు?

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక క్రికెట్ తగాదా తేల్చింది. కేంద్ర సమాచార, ప్రసార శాఖకూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ మధ్య నడిచిన కేసు అది. విన్నది ముగ్గురు న్యాయమూర్తులు: జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. తన తరఫునా, మోహన్ తరఫునా సావంత్ ఒక తీర్పు రాశారు. జీవన్‌రెడ్డి విడిగా ఇంకొకటి రాశారు. మన దేశంలో రేడియో, టీవీల చట్టం గురించి మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఈ తీర్పు దగ్గర ఆగక తప్పదు. మ్యాచ్ ఎవరు చూపించాలన్న గొడవతో వచ్చిన కేసులోంచి, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అన్న సూత్రం పుట్టింది. ఆ సూత్రాన్ని జీవన్‌రెడ్డి ఎంత ఓపికగా, ఎంత నేర్పుగా నిలబెట్టారో తెలుగు పాఠకులకు చూపించాలనే ఈ వ్యాసం. చట్టంతో పరిచయం లేనివాళ్ళు కూడా మెచ్చుకోదగిన పనితనం అందులో ఉంది.

జీవన్‌రెడ్డి మనవారు. హైదరాబాదులో న్యాయవాదిగా మొదలై, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా, అలహాబాద్ హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 1991లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మండల్ కేసులో వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లను నిలబెట్టిన ప్రధాన తీర్పు ఆయన రాసిందే. రాష్ట్రపతి పాలనకు హద్దులు గీసిన బొమ్మై కేసులోనూ ఆయన తీర్పుది ముఖ్యమైన చోటు. ఈ రెండింటికీ వచ్చినంత పేరు ప్రసారాల తీర్పుకు మామూలు పాఠకుల్లో రాలేదు. రావలసింది.

ముందు తగాదా సంగతి. బెంగాల్ క్రికెట్ సంఘం తన వజ్రోత్సవాల పేరిట 1993 నవంబరులో హీరో కప్ టోర్నమెంటు పెట్టింది. మనతో పాటు వెస్టిండీస్, దక్షిణాఫ్రికా, శ్రీలంక, జింబాబ్వే ఆడాయి. టీవీ హక్కుల విషయంలో దూరదర్శన్‌తో బేరం కుదరలేదు. సంఘం వాటిని ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకు ఇచ్చింది. ఆ సంస్థ దగ్గర కొనుక్కుని చూపించేది లేదని దూరదర్శన్ భీష్మించుకుంది. సంస్థ తెచ్చిన పరికరాలను బొంబాయి విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు ఆపేశారు. సిగ్నల్‌ను ఉపగ్రహానికి పంపాలంటే ప్రభుత్వ సంస్థ అయిన విదేశ్ సంచార్ నిగమ్ తలుపు తట్టాలి, అదీ తెరుచుకోలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకూ, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకూ పోయింది. నవంబరు మధ్యలో, టోర్నమెంటు నడుస్తుండగానే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి దారి చూపింది. 24న సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాకు చివరి ఓవర్లో ఆరు పరుగులు కావలసి ఉండగా టెండూల్కర్ మూడే ఇచ్చాడు. 27న ఫైనల్లో కుంబ్లే 12 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. కప్పు మనకే వచ్చింది.

మ్యాచ్‌లు అయిపోయాయి, ఇక తేల్చడానికేముందని కోర్టు ఆ ఫైలు మూసేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మూయలేదు. ఇవాళ క్రికెట్, రేపు ఇంకొకటి, అసలు ప్రశ్న తేలకపోతే ఈ తగాదా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుందని న్యాయమూర్తులు గ్రహించారు. ఆ తర్వాత పద్నాలుగు నెలలకు పైగా పట్టిన ఆలోచన ఫలితమే ఈ తీర్పు.

అప్పటికి మన ప్రసారాలను శాసిస్తున్నది 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. మార్కోనీ తొలి ప్రయోగాలకు పదేళ్ళ ముందే పుట్టిన చట్టమది. దాని నాలుగో సెక్షను చాలా చిన్నది. టెలిగ్రాఫులు నెలకొల్పి నడిపే హక్కు కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే ఉంటుందని మొదటి ముక్క. తనకు తగునని తోచిన షరతులు పెట్టి, తోచిన రుసుము తీసుకుని, ఎవరికైనా లైసెన్సు ఇవ్వవచ్చునని రెండో ముక్క. ఎవరికివ్వాలి, ఏ కారణంతో కాదనాలి, కాదంటే ఎవరికి చెప్పుకోవాలి? వీటికి జవాబు లేదు. దీనికి తోడు 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో సెట్టు ఇంట్లో ఉంచుకోవడమే నేరం. పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు పుస్తకం తెచ్చుకుని ఏటా రుసుము కట్టిన తరం ఇంకా మన ఇళ్ళల్లో ఉంది. 1980ల మధ్య దాకా ఆ పద్ధతి నడిచింది. వినడానికే సర్కారు అనుమతి కావలసిన దేశంలో, వినిపించే హక్కు గురించి సుప్రీంకోర్టు మాట్లాడవలసి వచ్చింది.

కోర్టులో రెండు పక్షాలూ గట్టిగానే వాదించాయి. ఫ్రీక్వెన్సీలు పరిమితం, అడిగినవాళ్ళందరికీ ఇవ్వలేం, కాబట్టి అవి ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్నది కేంద్రం మాట. ఆట హక్కులు అమ్ముకుని డబ్బు చేసుకోవడం వాక్స్వాతంత్ర్యం కిందకి రాదని కూడా అంది. రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో ప్రసారం చేసుకునే హక్కు కూడా ఉంది, మా ఆటను ఎవరి చేత చూపించుకోవాలో మా ఇష్టం అన్నది సంఘం మాట. ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి వైపు మొగ్గి తీర్పు రాయడం సులువు. జీవన్‌రెడ్డి ఇద్దరి మాటల కిందా ఉన్న ఊహను బయటికి లాగారు. ప్రభుత్వం తానే యజమానిని అనుకుంటోంది. సంఘం తన కార్యక్రమానికి తానే యజమాని కాబట్టి దాన్ని మోసే దారి మీద కూడా హక్కు తనదే అనుకుంటోంది. ఇంతకీ ఆ తరంగం ఎవరిది? కేసు మొత్తాన్ని ఈ ప్రశ్న చుట్టూ తిప్పడమే ఆయన మొదటి నేర్పు.

రెండో నేర్పు పత్రికల పోలికను పరీక్షించిన తీరు. భావప్రకటన స్వేచ్ఛ మీద మన కోర్టులు చెప్పిన గొప్ప మాటల్లో ఎక్కువ భాగం వార్తాపత్రికల కేసుల్లో వచ్చాయి. 1961లో సకాల్ కేసు, 1972లో బెన్నెట్ కోల్‌మన్ కేసు. పేజీలెన్ని ఉండాలో, ధర ఎంత ఉండాలో చెప్పే పేరుతో ప్రభుత్వం పత్రిక గొంతు నొక్కకూడదని ఆ తీర్పులు తేల్చాయి. జీవన్‌రెడ్డి స్వయంగా 1994 అక్టోబరులో, అంటే ఈ తీర్పుకు నాలుగు నెలల ముందు, ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో పత్రిక పక్షాన నిలిచారు. అధికారులకు పరువు నష్టం కలుగుతుందేమోనన్న భయంతో ప్రచురణను ముందే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదని తేల్చిచెప్పారు. అంత బలంగా పత్రిక పక్షం వహించిన మనిషి, అదే సూత్రాన్ని టీవీకి అంటగట్టి, పత్రిక పెట్టుకున్నట్టే టీవీ స్టేషను కూడా ఎవరైనా పెట్టుకోవచ్చు అనేస్తే పాఠకులు చప్పట్లు కొట్టేవారే.

ఆయన ఆగి ఆలోచించారు. పత్రిక పెట్టేవాడు తన డబ్బుతో కాగితం కొంటాడు, తన యంత్రం మీద అచ్చువేస్తాడు. ఒకడు పత్రిక పెట్టినంత మాత్రాన ఇంకొకడు పెట్టడానికి వీల్లేకుండా పోదు. ప్రసారం సంగతి వేరు. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకరు మాట్లాడుతుంటే ఆ ప్రాంతంలో అదే ఫ్రీక్వెన్సీ మీద ఇంకొకరు మాట్లాడలేరు. మాట్లాడితే ఇద్దరి మాటా వినపడదు. పైగా ఆ తరంగాన్ని ఎవరూ తయారు చెయ్యలేదు, కొనలేదు. అది అందరిదీ. అందరి సొత్తును వాడుకుంటూ మాట్లాడేవాడికి, తన సొత్తు వాడుకుని మాట్లాడేవాడికి లేని బాధ్యత ఒకటి ఉంటుంది. పత్రికా స్వేచ్ఛ సూత్రాలను ఆయన ఎక్కడా తగ్గించలేదు. అవి ఎక్కడి వరకు పనికొస్తాయో, ఎక్కడ వస్తువు స్వభావమే మారిపోతోందో చూపించారు. న్యాయశాస్త్రంలో ఉపమానం వాడడం అందరికీ వచ్చు. దాన్ని ఏ చోట వదిలిపెట్టాలో తెలియడమే అరుదు.

మూడోది దేశదేశాల చట్టాలను ఆయన చదివిన పద్ధతి. ప్రసార చట్టం మీద ఎరిక్ బారెంట్ రాసిన పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా, అమెరికాల్లో ఏం జరిగిందో వరుసగా పరిశీలించారు. ఇలాంటి చోట వాదనకు పనికొచ్చే ఒకటి రెండు తీర్పులు ఏరుకుని మిగతావి వదిలేసే అలవాటు చాలామంది రచయితలకు ఉంది. ఆయన తనకు ఇబ్బంది కలిగించేదాన్ని కూడా పూర్తిగా చదివారు. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చిన లెంటియా తీర్పు అలాంటిదే. ఆస్ట్రియాలో లింజ్ పట్టణంలోని ఒక నివాస సముదాయం వాళ్ళు తమ ఇళ్ళ మధ్య కేబుల్ టీవీ కార్యక్రమాలు నడుపుకుంటామంటే ప్రభుత్వ ప్రసార సంస్థ గుత్తాధిపత్యం అడ్డొచ్చింది. ఇంకా మరికొందరు రేడియోలు పెడతామని వచ్చారు. ఆ గుత్తాధిపత్యం భావప్రకటన స్వేచ్ఛకు భంగమని స్ట్రాస్‌బర్గ్ న్యాయమూర్తులు 1993 నవంబరు 24న తేల్చారు. టెండూల్కర్ ఆ చివరి ఓవర్ వేసినదీ ఆ రోజే.

ప్రైవేటు స్టేషన్లకు తలుపు తీసే తీర్పు అది. దాన్ని జీవన్‌రెడ్డి దాచిపెట్టలేదు, కొట్టిపారేయలేదు. యూరప్ ఒడంబడికలోని పదో అధికరణం ప్రసారాల లైసెన్సింగు గురించి విడిగా మాట్లాడుతుంది, మన 19(1)(ఎ)లో అలాంటి మాట లేదు, కాబట్టి అక్కడి ముగింపును ఇక్కడ ఉన్నదున్నట్టు దించుకోలేం అన్నారు. అమెరికా సుప్రీంకోర్టు 1969లో రెడ్ లయన్ కేసులో చెప్పినదాన్ని మాత్రం దగ్గరకు తీసుకున్నారు. ప్రసారం చేసేవాడి హక్కు కన్నా చూసేవాళ్ళ, వినేవాళ్ళ హక్కు పెద్దదన్నది ఆ తీర్పు సారం. ఏది ఎందుకు పనికొస్తుందో, ఏది ఎందుకు పనికిరాదో కారణంతో సహా చెప్పడం ఆ పేజీల అందం.

ఇక తీర్పు గుండెకాయ. పౌరులకు సమాచారం చెప్పే హక్కు ఉంది, పొందే హక్కూ ఉంది. వినోదం కూడా భావప్రకటనలో భాగమే కాబట్టి క్రికెట్ మ్యాచ్ దాని కిందకి వస్తుంది. అందువల్ల ప్రసార మాధ్యమాలను అందుకునే హక్కు పౌరుడికి ఉంది. అయితే స్టేషను పెట్టుకునే హక్కు 19(1)(ఎ) నుంచి దానంతటది రాదు. ప్రైవేటు స్టేషన్లను అనుమతించాలా వద్దా, అనుమతిస్తే ఏ షరతులతో అన్నది పార్లమెంటు తేల్చవలసిన విధానం. ప్రభుత్వ గుత్తాధిపత్యం మంచిది కాదు. అది పోయి నాలుగు కంపెనీల గుత్తాధిపత్యం వస్తే అదీ మంచిది కాదు. ప్రసార మాధ్యమం ప్రజల అదుపులో ఉండాలి. ప్రభుత్వ అదుపు వేరు, ప్రజల అదుపు వేరు. ఊరి చెరువు తూము దగ్గర నీరటికాడు వంతుల ప్రకారం నీళ్ళు వదులుతాడు. తూము తాళం తన చేతిలో ఉందని అతను చెరువుకు యజమాని కాడు. ఎగువన పెద్ద కమతం ఉన్న ఆసామీ కూడా యజమాని కాడు. తరంగాల విషయంలో ప్రభుత్వానికీ, కంపెనీలకూ జీవన్‌రెడ్డి కేటాయించిన చోట్లు సరిగ్గా ఇవే.

ఈ గీత ఎంత సన్నగా ఉందో గమనించాలి. హక్కు ఉందని మాత్రం చెప్పి వదిలేసి ఉంటే, డబ్బున్నవాళ్ళు మర్నాడే స్టేషన్ల కోసం కోర్టుకు వచ్చేవారు. హక్కు లేదని చెప్పి ఉంటే 1885 చట్టం ఇంకో వందేళ్ళు నిశ్చింతగా బతికేది. హక్కును వినేవాడి దగ్గర పెట్టి, చెప్పేవాడి హక్కును దానికి లోబరచడంతో రెండు ప్రమాదాలూ తప్పాయి. తేల్చిన అంశాలన్నిటినీ చివర అంకెలు వేసి సారాంశంగా ఇచ్చారు. అందులో ఒకటి: ఇంత ముఖ్యమైన మాధ్యమాన్ని నడపడానికి 1885 చట్టం ఏమాత్రం సరిపోదు. వంకర లేని ఆ వాక్యం కింద అప్పటి దాకా కట్టిన వాదనంతా ఉంది, కాబట్టే దాన్ని కదపడం ఎవరి తరమూ కాలేదు.

సావంత్ తీర్పుకు ఇవ్వవలసిన గౌరవం కూడా ఇవ్వాలి. బెంగాల్ సంఘం కొత్త ఫ్రీక్వెన్సీ అడగలేదు, స్టేషను పెడతాననీ అనలేదు, ఒక టోర్నమెంటు వరకే దారి అడిగింది, అలాంటప్పుడు ఫ్రీక్వెన్సీల కొరత వాదన ఇక్కడ ఎలా అడ్డొస్తుందని ఆయన సూటిగా నిలదీశారు. సమాజంలోని అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఉన్న స్వతంత్ర, స్వయంప్రతిపత్తి గల సంస్థను వెంటనే ఏర్పాటు చేసి, తరంగాల వాడకాన్ని దాని అదుపులో పెట్టాలని కేంద్రాన్ని ఆదేశించారు. సావంత్ తీర్పు ఆదేశం ఇస్తే, జీవన్‌రెడ్డి తీర్పు దాని కింద పునాది చూపించింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడే ఈ కేసు పూర్తిగా అర్థమవుతుంది.

తర్వాత ఏం జరిగింది? 1990లోనే పార్లమెంటు ఆమోదించి పక్కన పడేసిన ప్రసార భారతి చట్టం 1997 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి, దూరదర్శన్ దాని కిందకి వెళ్ళాయి. మన దగ్గర ఈటీవీ, జెమినీ మొదలైన 1995లోనే కేబుల్ టీవీ చట్టం కూడా వచ్చింది. వీధుల్లో తీగలు లాగే ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టరు చేయించుకోవాలన్నారు. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు ఉండరాదన్న నిబంధన తర్వాత దాని కింద వచ్చిందే. కొత్త శతాబ్దంలో ఎఫ్ఎం రేడియోలు వచ్చాయి. 2007లో దేశ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రసార భారతితో పంచుకోవాలంటూ విడిగా ఒక చట్టమే వచ్చింది. హక్కులు ఎవరు కొన్నా, డబ్బు కట్టలేని ఇంట్లో కూడా ఆట కనపడాలన్నది దాని ఉద్దేశం. వినేవాడిదే పెద్ద హక్కు అన్న మాటకు అది చట్టరూపం.

ఈ తీర్పు ఫలాల్లో నాకు అన్నిటికన్నా విలువైనది మన జహీరాబాద్ దగ్గర ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలకు మాచ్‌నూరులో యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో అమరింది. లైసెన్సు రాలేదు. అయినా వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. విత్తనాలు, చిరుధాన్యాలు, పండగలు, పాటలు, మందు చెట్లు, తమ బతుకుల సంగతులన్నీ తమ యాసలో రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘాల సమావేశాల్లో వినిపించారు. తరంగాలు ప్రజలవేనని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికే కొన్నేళ్ళయింది. సామాజిక రేడియో ఉద్యమకారులు ఆ మాటనే పట్టుకుని పదేపదే అడిగారు. ప్రజల సొత్తయితే ప్రజలకు ఏదీ చోటు? 2006 చివర్లో ప్రభుత్వం విధానం మార్చి స్వచ్ఛంద సంస్థలకు కూడా అనుమతి ఇచ్చింది. 2008 అక్టోబరు 15న సంగం రేడియో 90.4 మీద పలికింది. ప్రభుత్వేతర సంస్థ ఆధ్వర్యంలో లైసెన్సుతో మొదలైన తొలి సామాజిక రేడియో మన దేశంలో అదే. చిన్న ట్రాన్స్‌మిటర్, చుట్టుపక్కల ఊళ్ళ మేరకే దాని అందుబాటు. తీర్పులో రాసిన సూత్రం నిజంగా పనిచేస్తే ఎలా ఉంటుందో తెలియడానికి అంత చాలు.

సూత్రం ప్రసారాల దగ్గరే ఆగలేదు. 2012లో 2జీ కేసులో 122 లైసెన్సులు రద్దు చేసినప్పుడు సుప్రీంకోర్టు ఈ తీర్పును ఆధారం చేసుకుంది. 1885 చట్టాన్ని పక్కకు తప్పించడానికి తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, స్పెక్ట్రమ్‌కు కేంద్ర ప్రభుత్వం ప్రజల తరఫున యజమాని అని నాలుగో సెక్షనులో రాసుకుంది. ప్రజల తరఫున అన్న రెండు మాటలు ఆ చట్టంలో చేరడానికి వెనక అంతకు ఇరవై ఎనిమిదేళ్ళ ముందటి ఈ తీర్పు ఉంది.

తీర్పులో లోటు లేదా? ఉంది. స్వతంత్ర సంస్థను వెంటనే పెట్టాలన్నారు కానీ గడువు పెట్టలేదు. ఆ సంస్థ ఇప్పటికీ రాలేదు. 1997 ప్రసారాల బిల్లు, 2001 కన్వర్జెన్స్ బిల్లు చట్టాలు కాకుండానే పోయాయి. 2004 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ధరలూ, ఛానళ్ళ పంపిణీ ఒప్పందాలూ చూస్తోంది. ఏ ఛానల్ ఉండాలో, ఏది ఆగాలో చెప్పే అధికారం మాత్రం ప్రసార శాఖ దగ్గరే ఉంది. 2023 ఏప్రిల్‌లో మీడియా వన్ కేసులో, కారణం చెప్పకుండా ఒక మలయాళ వార్తా ఛానల్ అనుమతిని పొడిగించని ఉత్తర్వును సుప్రీంకోర్టే కొట్టేయవలసి వచ్చింది. సామాజిక రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే వీలు నేటికీ లేదు. ప్రైవేటు ఎఫ్ఎంలు కూడా ఆకాశవాణి వార్తలనే ఉన్నదున్నట్టు వినిపించాలి. నీరటికాడు ఇంకా యజమానిలాగే నడుచుకుంటున్నాడు.

కోర్టు తన పని చేసింది. జీవన్‌రెడ్డి తీర్పు తెలుగు మనిషి చేతి నుంచి వచ్చిన అత్యుత్తమ న్యాయ రచనల్లో ఒకటి అని నా నమ్మకం. న్యాయశాస్త్ర విద్యార్థులు, పాత్రికేయులు, రేడియో, టీవీల్లో పనిచేసేవాళ్ళు దాన్ని మొత్తంగా చదవాలి, సారాంశాలతో సరిపెట్టుకోకూడదు. మిగిలిన పని పార్లమెంటుది, అడగవలసిన పని మనది. ప్రసారాల మీద కొత్త బిల్లు ఎప్పుడు వచ్చినా ఒక్క ప్రశ్న వెయ్యండి: ప్రభుత్వానికీ, కంపెనీలకూ సమాన దూరంలో నిలబడే స్వతంత్ర సంస్థ ఇందులో ఉందా? లేకపోతే ఆ బిల్లు 1995 నాటి ఆదేశాన్ని పాటించనట్టే.